జీతం – వెట్టి: ‘ఆధునిక బానిసత్వం’ అనే మాట ఔచిత్యం

1. ఉపోద్ఘాతం:
తెలంగాణ పల్లెల్లో ‘జీతం ఉండడం’ అంటే ఏడాదికి కట్టుబడి ఒక ఆసామి ఇంట, పొలంలో చాకిరీ చేయడం. అలా ఉన్నవాడు జీతగాడు. నేడు అధ్యాపకునికీ, బ్యాంకు ఉద్యోగికీ నెలనెలా అందేదీ జీతమే. ఈ పదసామ్యం, పెట్టుబడిదారీ వ్యవస్థలోని ఉద్యోగమంతా బానిసత్వమే అనే వాదానికి బలం చేకూరుస్తున్నట్లు కనిపిస్తుంది. ఆ వాదం ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. స్వేచ్ఛ – అనివార్యత:
బానిసవ్యవస్థలో మనిషే అమ్ముడుపోతాడు. కార్మికుడు నిర్ణీత కాలానికి తన శ్రమశక్తిని అమ్ముతాడు. ‘పెట్టుబడి’ మొదటి సంపుటి (1867)లో కార్ల్ మార్క్స్ కార్మికుణ్ణి రెండర్థాల్లో స్వేచ్ఛాజీవిగా నిరూపించాడు. శ్రమశక్తిని అమ్ముకొనే స్వేచ్ఛ అతనికి ఉంది. ఉత్పత్తి సాధనాల నుండి కూడా అతడు ‘విముక్తుడు’ కనుక అమ్ముకోక తప్పదు. అతడు యజమానిని మార్చుకోగలడు గాని, ఏ యజమానీ లేకుండా బతకలేడు.

3. చట్టం చూపిన కొలమానం:
వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం (1976) అప్పు, ఆచారం, కులం వంటి కారణాలతో నామమాత్రపు వేతనానికి పనిచేయడాన్నీ, మరో పని ఎంచుకొనే స్వేచ్ఛను కోల్పోవడాన్నీ వెట్టి లక్షణాలుగా గుర్తించింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో (1982) సుప్రీంకోర్టు మరొక అడుగు ముందుకు వేసింది. ఆకలి, పేదరికం కలిగించే ఒత్తిడి కూడా రాజ్యాంగం 23వ అధికరణం ప్రకారం బలవంతమేననీ, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించే పని నిర్బంధ శ్రమేననీ నిర్ణయించింది.

4. అన్వయం:
నిజాం రాష్ట్రంలోని భగేలా పద్ధతిలో అప్పిచ్చిన దొర పొలంలోనే అప్పు తీరేదాకా చాకిరీ చేయాలి. పశ్చిమ ఒడిశా నుండి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు ముందుగా అడ్వాన్సు తీసుకొంటాయి. అది తీరేదాకా బట్టీ విడిచి వెళ్లలేని కుటుంబం స్థితి భగేలాకు దగ్గరిది. గృహరుణ వాయిదాలకు భయపడి ఉద్యోగం మానలేని సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ అప్పుకు కట్టుబడినవాడే. అయితే అతని అప్పు బ్యాంకుకు, పని కంపెనీకి. కంపెనీ మారినా వాయిదా కట్టగలడు. బట్టీలో అప్పూ, పనీ ఒకే చేతిలో ఉంటాయి.

5. ముగింపు:
ఉద్యోగమంతటినీ బానిసత్వమంటే, చట్టప్రకారం విడుదలకూ పునరావాసానికీ అర్హులైనవారి స్థితి అలంకారంగా మిగిలిపోతుంది. ఉద్యోగి సంపూర్ణ స్వతంత్రుడంటే, 1982 తీర్పు గుర్తించిన ఆకలి బలవంతం మరుగున పడుతుంది. అప్పిచ్చినవాడూ, పని చేయించుకొనేవాడూ ఒక్కరేనా, పని విడిచి వెళ్లే దారి ఉందా అనే ప్రశ్నలే ఈ పదప్రయోగ ఔచిత్యాన్ని నిర్ణయించాలి.