న్యాయస్థానమున మాతృభాష: బ్రిటిషు చట్టములు, తీర్పులు

న్యాయాధిపతి యెదుట నిలిచిన మనుజుని స్వాతంత్ర్యము, ఆస్తి, పరువు అన్నియు మాటలపై ఆధారపడి యుండును. ఆ మాటలను అతడు ఏ భాషలో పలుకవలెను? దీనికి రెండు విధములైన సమాధానములు కలవు. రాజభాష రానివానికి మాత్రమే దుబాసీని ఏర్పాటు చేయుట మొదటిది. రాజభాష వచ్చినను రాకున్నను, తన భాషలో మాటలాడుట అతని హక్కని అంగీకరించుట రెండవది. మొదటిదానికి ఆధారము అవసరము. రెండవదానికి ఆధారము ఇచ్ఛ. బ్రిటిషు రాజ్యమునందలి వేల్స్, స్కాట్లండు, ఉత్తర ఐర్లండు దేశముల చట్టములను, తీర్పులను వరుసగా పరిశీలించినచో, మొదటి మెట్టునుండి రెండవ మెట్టునకు చేరుట ఎంత దీర్ఘప్రయాణమో తెలియగలదు.

1. ఇంగ్లీషు భాష పొందిన హక్కు

ఒకప్పుడు ఇంగ్లీషు భాషయే ఇంగ్లండు న్యాయస్థానములలో పరాయిదై యుండెను. నార్మను విజయము తరువాత ఉన్నత న్యాయస్థానములలో వాదములు ఫ్రెంచి భాషలోను, దస్తావేజులు లాటిను భాషలోను సాగినవి. తమకు అనుకూలముగా ఏమి చెప్పుచున్నారో, ప్రతికూలముగా ఏమి చెప్పుచున్నారో ప్రజలకు తెలియకున్నదను కారణముచేత 1362లో వాదములను ఇంగ్లీషులో జరుపవలెనని శాసనము చేసిరి. ఆ శాసనము సైతము ఫ్రెంచి భాషలోనే వ్రాయబడుట గమనింపదగిన విశేషము. దస్తావేజులనుండి లాటిను తొలగుటకు 1733 వరకు పట్టినది.

తమకు కావలసినదని ఇంగ్లీషువారు కోరిన న్యాయమును పొరుగువారికి ఈయలేదు. 1536 నాటి శాసనము వేల్స్ దేశమును ఇంగ్లండులో కలిపి, అచటి న్యాయస్థానములన్నియు ఇంగ్లీషులోనే నడువవలెననియు, ఇంగ్లీషు వాడని వెల్ష్ భాషీయునకు ప్రభుత్వోద్యోగము లేదనియు విధించెను. ఐర్లండున 1737 నాటి చట్టము ఇంకను ముందునకు పోయి, న్యాయస్థానమున ఇంగ్లీషు తప్ప వేరొక భాషను వాడినవారికి 20 పౌనుల జరిమానా నిర్ణయించెను.

2. వేల్స్: అవసరమునుండి ఇచ్ఛకు

వేల్స్‌లో ఈ ప్రశ్న తీవ్రరూపము దాల్చినది 1936లో. వైమానిక దళ శిక్షణకేంద్రమునకు నిప్పు పెట్టినందులకు రచయిత సాండర్స్ లూయిస్, ఆయన సహచరు లిద్దరు విచారణకు గురియైరి. కార్నార్వన్ పట్టణమునందలి జూరీ ఏకాభిప్రాయమునకు రాలేదు. అంతట వ్యాజ్యమును లండను నగరమునకు మార్చిరి. అచట ముగ్గురికిని తొమ్మిది మాసముల చెఱ విధింపబడినది. ఈ ఘటన వేల్స్ ప్రజలను కదిలించినది. న్యాయస్థానములలో వెల్ష్ భాషకు స్థానము కోరుచు మహాభ్యర్థన యొకటి బయలుదేరి, లక్షలకొలది సంతకములను కూడగట్టినది.

దాని ఫలితమే 1942 నాటి వేల్స్ న్యాయస్థానముల చట్టము. 1536 నాటి నిషేధవాక్యమును అది రద్దుచేసినది. దుబాసీల ఖర్చు కక్షిదారులపై పడకుండ ఏర్పాటు చేసినది. అయినను హక్కును పూర్తిగా ఈయలేదు. వెల్ష్ తన సహజభాష యగుటచే ఇంగ్లీషులో మాటలాడిన తనకు నష్టము కలుగునని భావించు కక్షిదారుడు లేక సాక్షి మాత్రమే దానిని వాడవచ్చునని నిబంధించినది. ఇంగ్లీషు చక్కగా తెలిసిన వెల్ష్ పౌరునికి ఈ చట్టముచే కలిగిన మేలు స్వల్పము.

ఈ లోపము 1967 నాటి న్యాయనివేదికలలో ప్రకటితమైన మెర్తిర్ టిడ్విల్ వ్యాజ్యమున స్పష్టమైనది. వేల్స్ న్యాయస్థానముల వ్యవహారభాష ఇంగ్లీషే యనియు, విచారణను వెల్ష్ భాషలో జరుపుడని కోరు హక్కు ఎవరికిని లేదనియు ప్రధాన న్యాయాధిపతి లార్డు పార్కరు తీర్పు చెప్పెను.

ఇంతలో న్యాయస్థానము వెలుపల వేరొక పోరాటము నడుచుచుండెను. లనెల్లి ప్రాంతమున ట్రెఫర్ బీస్లీ, ఐలీన్ బీస్లీ అను దంపతులు ఇంటిపన్ను తాఖీదు వెల్ష్ భాషలో వచ్చుదాక పన్ను కట్టమని 1952లో నిశ్చయించుకొనిరి. వారిని పలుమారులు న్యాయస్థానమునకు పిలిచిరి. అమీనాలు వచ్చి ఇంటి సామగ్రిని జప్తు చేసికొనిపోయిరి. 1960లో గాని వారికి రెండు భాషలలో తాఖీదు అందలేదు. కోరినది ఒక కాగితము; పట్టినది ఎనిమిది సంవత్సరములు. సాండర్స్ లూయిస్ 1962లో చేసిన ప్రసిద్ధ రేడియో ప్రసంగమున ఈ దంపతులనే ఆదర్శముగా చూపెను. ఆ సంవత్సరముననే న్యాయస్థానము, వెల్ష్ భాషలో నింపిన నామినేషను పత్రమును తిరస్కరించుట చెల్లదని తీర్పు చెప్పినది.

1965లో సర్ డేవిడ్ హ్యూస్ పారీ అధ్యక్షతన ఏర్పడిన సంఘము రెండు భాషలకును సమానమైన చెల్లుబాటు ఉండవలెనని సిఫారసు చేసెను. 1967 నాటి వెల్ష్ భాషాచట్టము ఆ మార్గమున తొలి యడుగు వేసినది. ‘నష్టము’ అను నియమమును తొలగించి, వాడగోరు కక్షిదారుడు, సాక్షి, ఇతరుడు ఎవరైనను వెల్ష్‌లో మాటలాడవచ్చునని అది విధించినది. పై న్యాయస్థానములలో మాత్రము ముందుగా తెలియజేయవలసి యుండును. కొలబద్ద అవసరమునుండి ఇచ్ఛకు మారినది ఇచటనే.

ఉద్యమము అంతటితో ఆగలేదు. 1970లో వెల్ష్ విద్యార్థులు లండను హైకోర్టులో జరుగుచున్న విచారణకు అంతరాయము కలిగించి, పాటలు పాడిరి. క్షమాపణ చెప్పనివారికి మూడు మాసముల చెఱ పడెను. పదునొకండుగురు విద్యార్థులు అప్పీలు చేసికొనగా, లార్డు డెన్నింగు ముఖ్యుడుగాగల అప్పీలు న్యాయస్థానము వారి చర్య తప్పనియే నిర్ణయించినది. కాని వారి ఉద్దేశమును, వారి భాష గొప్పతనమును గుర్తించి, సత్ప్రవర్తన పూచీపై వారిని చెఱనుండి విడిచిపెట్టినది.

1993 నాటి చట్టము వేల్స్ న్యాయపాలనలో రెండు భాషలను సమాన ప్రాతిపదికపై చూడవలెనను సూత్రమును స్థాపించినది. 2011లో వేల్స్ శాసనసభ వెల్ష్ భాషకు అధికారభాషా ప్రతిపత్తి నిచ్చి, భాషా కమిషనరు పదవిని ఏర్పరచినది. ఆ పదవి అలంకారప్రాయము కాదని 2014లో తేలినది. ప్రభుత్వ పొదుపు సంస్థయైన నేషనల్ సేవింగ్స్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్స్ తన వెల్ష్ భాషా సేవల పథకమును తానుగా రద్దు చేయగా, కమిషనరు హైకోర్టుకు వెళ్లెను. ఆ రద్దు చట్టవిరుద్ధమని న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2019 నాటి వేల్స్ శాసననిర్మాణ చట్టము ప్రకారము, రెండు భాషలలో చేసిన శాసనముల పాఠములు రెండును సమాన ప్రమాణములు. ఒకటి మూలము, రెండవది అనువాదము అను భేదము లేదు.

3. మిగిలిన హద్దులు

హక్కునకు భౌగోళికమైన హద్దు కలదు. ఒక వెల్ష్ భాషీయుని ఉద్యోగవివాదము అప్పీలుకై లండనులోని ట్రిబ్యునలుకు పోగా, అచట వెల్ష్‌లో వాదించు హక్కు లేదని 2000 నాటి న్యాయనివేదికలలోని తీర్పు తెలుపుచున్నది. చట్టము ‘వేల్స్‌లో జరుగు వ్యవహారముల’కే వర్తించుటయే దానికి కారణము.

జూరీ విషయమున మరియొక చిక్కు కలదు. సాక్షి వెల్ష్‌లో చెప్పినను, ఆ భాష తెలియని జూరీ సభ్యులు దానిని దుబాసీ నోటనే వినుచున్నారు. స్వరమునందలి తడబాటు, నిశ్చయము, వేదన తీర్పరులకు నేరుగా అందవు. రెండు భాషలును తెలిసినవారినే జూరీగా కూర్చవలెనను కోరిక చాలకాలముగా నున్నది. అట్లు చేసినచో జూరీని యాదృచ్ఛికముగా ఎన్నుకొనవలెనను సూత్రమునకు భంగమని ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. రెండు న్యాయసూత్రములు ఎదురుపడిన చోటు ఇది.

4. స్కాట్లండు, ఉత్తర ఐర్లండు

స్కాట్లండున 1982లో ఒక నిందితుడు గేలిక్ భాషలో సాక్ష్యమీయగోరగా, అతనికి ఇంగ్లీషు వచ్చును గనుక ఆ హక్కు లేదని ఉన్నత నేరవిచారణ న్యాయస్థానము నిర్ణయించినది. వేల్స్ 1967లో దాటిన మెట్టు ఇచట దాటరానిదయ్యెను. 2005లో గేలిక్ భాషకు ప్రత్యేకచట్టము వచ్చినది. 2025 నాటి స్కాట్లండు భాషల చట్టము గేలిక్, స్కాట్స్ భాషలు రెండింటికిని అధికారప్రతిపత్తి నిచ్చినది.

ఉత్తర ఐర్లండున 1737 నాటి నిషేధమును ఐరిష్ భాషీయు డొకడు సవాలు చేయగా, అది ఇంకను చెల్లుచున్నదని 2010లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. అల్పసంఖ్యాక భాషల ఐరోపా ఒడంబడికను బ్రిటను 2001లోనే అంగీకరించి యుండినను, అది ఆ కక్షిదారునకు అక్కరకు రాలేదు. చివరకు 2022 డిసెంబరులో ఆమోదము పొందిన చట్టము ఐరిష్ భాషకు అధికారగుర్తింపు నిచ్చి, ఆ పాత శాసనమును రద్దుచేయుటకు ఏర్పాటు గావించినది.

5. ప్రవాసాంధ్రులకు దీని ప్రయోజనము

భారత రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము, యూనియనులో గాని రాష్ట్రములో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ప్రజలు ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. 1956 నాటి ఏడవ సవరణచే చేరిన 350ఎ, 350బి అధికరణములు అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమికవిద్యను, వారి రక్షణలను పరిశీలించుటకు ప్రత్యేకాధికారిని పేర్కొనుచున్నవి. యానాములో పరిపాలనకు తెలుగును వాడుటకు పుదుచ్చేరి అధికారభాషా చట్టము వీలు కల్పించుచున్నది. న్యాయస్థానమున మాత్రము, నిందితునకు తెలియని భాషలో ఇచ్చిన సాక్ష్యమును అతనికి తెలిసిన భాషలో వినిపింపవలెనను నియమము 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో కొనసాగుచున్నది. ఇది అవసరమునకు సంబంధించిన రక్షణ. హోసూరు, బళ్లారి, బరంపురములందలి తెలుగువాడు స్థానికభాష నేర్చినకొలది ఈ రక్షణయొక్క ఆవశ్యకత తగ్గును. తన భాషను వాడగోరు ఇచ్ఛకు మాత్రము దీనిలో తావు లేదు.

వేల్స్ చరిత్ర వేరొక సంగతియు తెలుపుచున్నది. చట్టములో హక్కులు పెరిగినను, 2021 జనాభాలెక్కలలో వెల్ష్ మాటలాడువారు 5,38,000 మంది, అనగా మూడేండ్లు దాటినవారిలో నూటికి 17.8 మంది మాత్రమే. 2011లో వారు నూటికి 19 మంది. ఆ భాషలో వాదింపగల న్యాయవాది, వినగల న్యాయాధిపతి, మార్చి చెప్పగల దుబాసీ లేనిచో హక్కు పుస్తకములోనే మిగులును. వీరందరును తయారగునది బడిలో. అందుచేతనే వేల్స్ శాసనసభ 2025లో వెల్ష్ భాషా విద్యాచట్టమును చేసి, 2050 నాటికి పది లక్షల మంది వెల్ష్ భాషీయులు ఉండవలెనను లక్ష్యమును అందు చేర్చినది. న్యాయస్థానపు గడప దాటి లోనికి వెళ్లగల భాష, ముందుగా బడి గడపను దాటి యుండవలెను.