తోకకప్పకు ఇల్లు కట్టి చూడు

తొలకరి వాన పడగానే ఎడ్లపాడు చుట్టుపట్ల గుంటలన్నీ నిండుతాయి. రహదారి పక్కన మట్టి తీసిన గోతులు, ప్రత్తిచేల గట్ల వెంబడి కాలువలు, కొండవీటి కొండల దిగువన పల్లాలు, ఎక్కడ చూసినా నీళ్ళే. వారం తిరిగేసరికి ఆ నీళ్ళలో ఆవగింజలకు తోకలు మొలిచినట్లు వందలకొద్దీ తోకకప్పలు తిరుగుతూ వుంటాయి. వాటిని సీసాలో పట్టుకుని ఇంటికి తెచ్చినవాళ్ళు మీలో చాలామందే వుంటారు. మూడోనాటికి అవి కదలకుండా తేలి కనిపిస్తాయి. పాపం, తిండి చాలలేదేమో అనుకుంటారు. కాదు. సాధారణంగా వాటిని చంపేది ఆకలి కాదు, ఇల్లు.

తోకకప్పకు ఇల్లంటే సీసా కాదు, సీసాలోని నీళ్ళు. మనం గాలిని ముక్కుతో పీలుస్తాం, నీళ్ళు నోటితో తాగుతాం, మలినాలను వేరే చోట విసర్జిస్తాం. నీటిలో బతికే ఉభయచరాలకు అంత ఏర్పాటు లేదు. వాటి చర్మం పలచన, ఎప్పుడూ తడిగా వుంటుంది. నీటిలో కరిగిన ప్రాణవాయువు ఆ చర్మంలోంచే లోపలికి పోతుంది. తోకకప్పకు మొప్పలు కూడా తోడుంటాయి. పెద్ద కప్ప అయితే నోటితో నీళ్ళు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది! నీటిలో విషం వుంటే అదీ ఆ దారినే లోపలికి వస్తుంది. తలుపుల్లేని ఇంట్లో కాపురమన్నమాట.

సీసాయా, బేసినా?

ముందు ప్రాణవాయువు సంగతి చూద్దాం. గాలిలోని ప్రాణవాయువు నీటి పైభాగం నుంచి కరుగుతుంది. కాబట్టి నీళ్ళు ఎన్ని వున్నాయన్నది ఒక్కటే కాదు, పైభాగం ఎంత వెడల్పుగా వున్నదన్నది ముఖ్యం. 5 లీటర్ల నీళ్ళు తీసుకోండి. వాటిని 10 సెంటీమీటర్ల వెడల్పున్న పొడుగాటి డబ్బాలో పోస్తే గాలి తగిలే చోటు సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. అవే నీళ్ళు 40 సెంటీమీటర్ల వెడల్పున్న బేసినులో పోస్తే సుమారు 1,256 చదరపు సెంటీమీటర్లు. అంటే 16 రెట్లు! లోతు మాత్రం 4 సెంటీమీటర్లే. తోకకప్పకు ఆ లోతు చాలు. అంగడిలో అందంగా కనిపించే గుండ్రటి గాజుగోళం వుందే, అది చూసేవాడి కోసం చేసింది, లోపల వుండేవాడి కోసం కాదు.

ఎండ ఇంకో చిక్కు తెస్తుంది. నీళ్ళు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా కరిగితే, 35 డిగ్రీల దగ్గర 7 మిల్లీగ్రాములే. అదే వేడికి తోకకప్ప ఒంట్లో పనులు చురుకై, దానికి కావలసిన ప్రాణవాయువు మాత్రం పెరుగుతుంది. ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన సంసారమే ఇది. అందుకని బేసినును వసారాలోనో వేపచెట్టు నీడలోనో వుంచండి.

కంటికి కనపడని మురికి

పెద్ద కప్ప తన ఒంట్లోని నత్రజని మలినాన్ని ఎక్కువగా యూరియాగా మార్చి విసర్జిస్తుంది. తోకకప్ప అలా కాదు, అమ్మోనియాగానే నీటిలోకి వదిలేస్తుంది. అమ్మోనియా విషం. గుంటలో అయితే ఆ కొంచెం ఎటో కలిసిపోతుంది. మట్టిలో వుండే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారిస్తే, ఇంకో రకం ఆ నైట్రైటును అంత హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. బేసినులో ఆ పనివాళ్ళు తగినంతమంది తయారు కావటానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ పని మీదే. రోజు విడిచి రోజు మూడోవంతు నీళ్ళు తీసి, అంతే వెచ్చదనం వున్న మంచినీళ్ళు పొయ్యండి. మొత్తం ఒక్కసారి మార్చకండి, ఆ మార్పును తోకకప్ప తట్టుకోలేదు. 5 లీటర్లకు పది తోకకప్పలు చాలు. ఉడికించిన పాలకూర చిటికెడు వేసి, మిగిలింది సాయంత్రానికి తీసెయ్యండి. ఎక్కువ తిండి వెయ్యటం ప్రేమ అనిపిస్తుంది గాని, కుళ్ళిన ఆకు కూడా అమ్మోనియాయే అవుతుంది.

కుళాయినీళ్ళలో క్లోరిన్ కలుపుతారు. వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా తెరిచి వుంచితే అది ఎగిరిపోతుంది. అన్నిటికంటె మేలు వాననీళ్ళు, లేదా తోకకప్పలు దొరికిన గుంటలోని నీళ్ళే.

పాత్ర విషయంలో మాత్రం జాగ్రత్త! రాగిబిందెలో నీళ్ళు మంచివని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. అది మన సంగతి. నీటిలోకి దిగే కొద్దిపాటి రాగి కూడా తోకకప్పకు విషమే. కొత్తగా కట్టిన సిమెంటు తొట్టి అంతకంటె అన్యాయం. దాని సున్నం నీటిలోకి దిగి క్షారగుణం పెరుగుతుంది, క్షారపు నీటిలో అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ. చాలా రోజులు నీళ్ళు నింపి, పారబోసి, మళ్ళీ నింపి నానబెడితేగాని ఆ తొట్టి పనికిరాదు. ఇక పురుగుమందు డబ్బా. ప్రత్తి పండే వూళ్ళలో ఖాళీ డబ్బాలు కళ్ళముందే పడివుంటాయి. ఎన్నిసార్లు కడిగినా సరే, దాన్ని ముట్టుకోవద్దు. తోకకప్పల కోసమే కాదు, మీ కోసం కూడా.

కాళ్ళులేని అద్దెదారు

ఉభయచరాల్లో మూడు తెగలున్నాయి: కప్పలు, తోకవున్న సాలమాండర్లు, కాళ్ళే లేని సిసీలియన్లు. మూడో తెగవాటిని చూసి వానపామో, పామో అనుకుంటారు. మన తూర్పు కనుమల్లో, ఆంధ్ర, ఒడిషా రాష్ట్రాల కొండల మీద సుమారు 1,200 మీటర్ల ఎత్తున దొరికిన ఒక సిసీలియన్‌కు 2013లో గెగెనియోఫిస్ ఓరియెంటాలిస్ అని పేరు పెట్టారు. అది తడిమట్టిలో బొరియలు చేసుకునే జీవి. నీటిలోనే వుండే సిసీలియన్లు దక్షిణ అమెరికావి. వాటిలో టిఫ్లోనెక్టిస్ నేటన్స్ అనేది కొలంబియా, వెనిజులా నదుల్లో వుంటుంది. విదేశాల్లో దాన్ని ‘రబ్బరు ఈల్’ అన్న పేరుతో అమ్ముతారు. అది ఈల్ చేపా కాదు, రబ్బరూ కాదు!

దాన్ని పెంచేవాళ్ళు ఏంచేస్తారంటే, వెడల్పాటి తొట్టిలో 25 నుంచి 28 డిగ్రీల వెచ్చటి నీళ్ళు పోసి, అడుగున మెత్తటి ఇసుక పరుస్తారు. పదునైన గులకరాళ్ళు వేస్తే చర్మం గీసుకుని పుండు పడుతుంది. దాక్కోవటానికి నున్నటి గొట్టాలుంచుతారు. దానికి వూపిరితిత్తులు వున్నాయి గనుక, తేలిగ్గా పైకి వచ్చి గాలి పీల్చేటంత లోతే వుండాలి. మూత గట్టిగా బిగించాలి. కాళ్ళు లేకపోయినా ఒళ్ళంతా కండే కావటంతో చిన్న సందులోంచి కూడా జారిపోతుంది. తెల్లవారేసరికి నేలమీద ఎండిపోయి కనిపిస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురు ఆక్సొలోటల్. మెక్సికోలోని షోచిమిల్కో నీళ్ళలో పుట్టిన సాలమాండర్ ఇది. జీవితమంతా మొప్పలు బయటికి వేలాడేసుకుని తోకకప్ప మాదిరిగానే వుండిపోతుంది. 1864లో కొన్నింటిని పారిస్ తీసుకుపోయారు, వాటి సంతతి ప్రయోగశాలలన్నిటికీ పాకింది. స్వస్థలంలో మాత్రం అంతరించిపోయే దశలో వుంది. దానికి 16 నుంచి 18 డిగ్రీల చల్లటి నీళ్ళు కావాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే పల్నాటిలో రాత్రింబవళ్ళు నీళ్ళు చల్లబరిచే యంత్రం లేకుండా దాన్ని వుంచటమంటే నెమ్మదిగా వుడికించటమే. నగరంలో అమ్ముతున్నారు గదా అని మోజుపడవద్దు. పైగా, పెంచలేక చెరువులో వదిలేస్తే ప్రమాదం మన కప్పలకు. కైట్రిడ్ అనే శిలీంధ్రం వల్ల ప్రపంచంలో కనీసం 501 జాతుల ఉభయచరాలు తగ్గిపోయాయనీ, 90 జాతులు అంతరించి వుంటాయనీ 2019లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. జంతువులతో బాటు అది దేశాలు దాటింది.

మళ్ళీ మన బేసినుకు వద్దాం. నెలా నెలన్నరలో వెనుక కాళ్ళు, ఆ తరువాత ముందు కాళ్ళు వస్తాయి. ముందు కాళ్ళు వచ్చాయంటే మొప్పలు పోయి వూపిరితిత్తులు పనిలోకి దిగుతున్నాయన్నమాట. ఇప్పుడు ఎక్కటానికి మెట్ట లేకపోతే నీటి జీవి నీటిలోనే మునిగి చస్తుంది! ఒక ఇటుకముక్కను ఏటవాలుగా పెట్టి, సగం నీటిపైకి వుండేట్లు చూడండి. పైన దోమతెర గుడ్డ కట్టండి. ఈ రోజుల్లో అది ఏమీ తినదు. తోకలోని కండ కరిగి దానికి ఆహారమవుతుంది. పాలకూర మానెయ్యండి.

తోక పూర్తిగా పోయిన రోజున, ఎండ తగ్గాక, చేతులు తడిచేసుకుని పట్టుకోండి. తెచ్చిన గుంట అంచునే గడ్డిలో వదలండి. గుంట అప్పటికే ఎండిపోయి వుంటే, ఆ చేనిగట్టు మీదే తడివున్న నీడ చూసి వదలండి.