చెక్కేస్తే తెలుపు, వదిలేస్తే నలుపు

చెక్కదిమ్మతో బొమ్మను అచ్చు వేసే కళాకారుడు నిజానికి గీతలు గీయడు. గీత చుట్టూ ఉన్న చెక్కను తీసేస్తాడు. ఉలి తగిలిన చోటు కాగితం మీద తెల్లగా మిగులుతుంది, తగలని చోటు సిరా అంటి నల్లగా పడుతుంది. ఒక కనుబొమ్మ కావాలంటే పైనా కిందా చెక్కుకుంటూ పోయి, మధ్యలో సన్నటి గట్టును వదిలిపెట్టాలి. ఆ గట్టు కాస్తా లేచిపోతే కనుబొమ్మ పోయినట్టే. రబ్బరుతో చెరిపి మళ్లీ గీసుకునే వీల్లేదు. ఈ కళలోని తెలివితేటలు చాలావరకు ఆ భయంలోంచే పుట్టాయనిపిస్తుంది.

చెక్కకు బదులు వాడే లినోలియం పుట్టింది ఇళ్లలో నేల మీద పరచడానికి. రంగు డబ్బాలో అవిసె నూనె గాలి తగిలి పైన తెట్టులా గట్టిపడటం చూసి, ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ వాల్టన్ దాన్ని బెండు పొడితో కలిపి గోనె గుడ్డ మీద పరిచాడు. 1863లో పేటెంటు తీసుకున్నాడు. కళాకారులు దాన్ని గదుల్లోంచి బల్ల మీదికి తెచ్చుకోవడానికి కారణం చౌక ఒక్కటే కాదు. చెక్కకు వాలు ఉంటుంది, వాలుకు అడ్డంగా ఉలి పెడితే పేళ్లు లేస్తాయి. లినోకు ఆ పట్టింపు లేదు, కత్తి ఎటు తిప్పితే అటు పోతుంది. చలిదేశాల్లో మాత్రం అది బిరుసెక్కుతుంది. చెక్కే ముందు ఇస్త్రీపెట్టెతో కాస్త వెచ్చచేస్తారు. మన ఎండలకు ఆ బాధ లేదు.

సిరా చాలినంత ఉందో లేదో చెవితో తెలుసుకుంటారంటే నమ్ముతారా? గాజుపలక మీద చిక్కటి సిరా వేసి రోలర్‌తో అటూ ఇటూ దొర్లిస్తారు. ఎక్కువైతే రోలర్ తపతపమని అంటుకుపోతూ కదులుతుంది. పలచగా, సమంగా పరుచుకున్నాక ఆ చప్పుడు సన్నటి చిరచిరలోకి దిగుతుంది. అప్పుడు దిమ్మకు ఎక్కిస్తారు. యంత్రం లేకపోయినా పర్వాలేదు. కాగితం పరిచి గరిటె వీపుతో గుండ్రంగా రుద్దుతూ, ఒక మూల పట్టుకుని మెల్లగా ఎత్తి చూసుకుంటారు. ఎక్కడైనా వెలిసినట్టుంటే కాగితం జరగకుండా మళ్లీ దించి, అక్కడే ఇంకాస్త రుద్దుతారు.

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన ‘పెద్ద అల’ బొమ్మ చూడనివారు అరుదు. దాని అసలు చిత్రం మాత్రం ఎక్కడా లేదు. 1831 ప్రాంతంలో ఆ బొమ్మ తయారైన పద్ధతే అలాంటిది. పలచటి కాగితం మీద గీసిన చిత్రాన్ని చెర్రీ చెక్కకు బోర్లా అంటించి, కాగితంతో సహా చెక్కేసేవారు. బోర్లా అంటించడం వల్ల చెక్క మీద తిరగబడిన బొమ్మ అచ్చులో మళ్లీ సరిగ్గా పడుతుంది. గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, అద్దేవాడు ఇంకొకడు, పెట్టుబడి పెట్టే ప్రచురణకర్త మరొకడు. పేరు మాత్రం గీసినవాడికే దక్కింది. చెక్కినవాడికి ఇది అన్యాయమే అంటాను. ఆ అల నురుగు గోళ్లలా విచ్చుకున్నది అతని ఉలి కింద.

1904లో యమమోటో కనాయె అనే యువకుడు ఒక జాలరి బొమ్మను తానే గీసి, తానే చెక్కి, తానే అద్దాడు. జపాన్‌లో అది కొత్త ఉద్యమానికి నాంది అయింది. ఆ దారిలో వచ్చిన మునకాట షికోకు చూపు బాగా తక్కువ. ముఖం దిమ్మకు ఆనుతుందేమో అన్నంత దగ్గరగా వంగి, యమ వేగంగా చెక్కేవాడు. 1956 వెనిస్ బియెనాలేలో ముద్రణ చిత్రాల పెద్ద బహుమతి ఆయనకే వచ్చింది.

పడవల బొమ్మ చెక్కిన దిమ్మలనే రంగులు మార్చి అద్దుతూ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అన్నీ చూపించాడు జపాన్‌కే చెందిన యోషిదా హిరోషి. ఆయన మన దేశానికీ వచ్చి వెళ్లి తాజ్‌మహల్ బొమ్మలు చేశాడు.

పికాసోకు ఓపిక తక్కువ. రంగుకొక దిమ్మ చెక్కి, అవన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడం ఆయనకు విసుగు పుట్టించింది. దాంతో 1950ల చివర ఫ్రాన్స్‌లోని వలోరిస్‌లో ఒకే లినో ముక్కతో అన్ని రంగులూ వేయడం మొదలుపెట్టాడు. కొంచెం చెక్కి లేత రంగు అద్దుతారు. అదే ముక్కను ఇంకాస్త చెక్కి, అవే కాగితాల మీద ముదురు రంగు అద్దుతారు. ఇలా చివరి రంగు దాకా వచ్చేసరికి ముక్కలో మిగిలేది కొంచెమే. మొదటి రంగు వేసేటప్పుడే ఎన్ని కాగితాలో తేల్చుకోవాలి, తర్వాత ఇంకొకటి కావాలన్నా దొరకదు. మూడో రంగులో తప్పు జరిగితే మొత్తం కట్టకట్టి పక్కన పెట్టాల్సిందే.

చేతికర్రతో నడిచిపోతున్న గాంధీజీ, నల్లటి నేపథ్యంలో కొద్దిపాటి తెల్ల గీతలు: నందలాల్ బోస్ 1930లో దండి యాత్ర సందర్భంగా చేసిన ఆ బొమ్మ లినో మీద చెక్కిందే. ఠాగూర్ పిల్లల వాచకం ‘సహజ్ పాఠ్’కు బొమ్మలు కూడా ఆయన లినో మీదే చెక్కారు.

కృష్ణా జిల్లా పెడనలో ఇదే సూత్రం గుడ్డ మీద నడుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది, పెడన, మచిలీపట్నాలది టేకు అచ్చులతో అద్దేది. గుడ్డను ముందు కరక్కాయ, పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవాన్ని అచ్చుతో అద్దితే, కరక్కాయ వగరుతో కలిసి నలుపు తేలుతుంది. ఎరుపు సంగతి మరీ విచిత్రం. అద్దేటప్పుడు ఎరుపే ఉండదు, అద్దేది పటిక. తర్వాత గుడ్డను ఎర్రరంగు నీళ్లలో ఉడికిస్తే పటిక అంటిన చోటే రంగు పట్టి నిలుస్తుంది. పువ్వు ఎక్కడ ఎర్రబడుతుందో ఉడికేదాకా అద్దకం మనిషి లెక్కలోనే ఉంటుంది.

మళ్లీ కాగితం మీది అచ్చులకే వస్తే, జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ 1515లో ఖడ్గమృగాన్ని చూడకుండానే దాని బొమ్మ గీసి చెక్కదిమ్మగా అచ్చు వేయించాడు. గుజరాత్ సుల్తాను పోర్చుగీసువారికిచ్చిన ఆ జంతువు ఓడలో లిస్బన్ చేరింది. అక్కడినుంచి వచ్చిన వర్ణన, ఒక చిన్న బొమ్మ ఆధారంగా, ఇనుప కవచం తొడిగినట్టు, వీపు మీద లేని చిన్న కొమ్ముతో సహా గీసేశాడు. రెండు శతాబ్దాలకు పైగా యూరప్ అదే నిజమనుకుంది. దిమ్మ చేతులు మారి, పగుళ్లిచ్చి, పురుగు పట్టాక కూడా అచ్చులు తీస్తూనే ఉన్నారు.

పురుగు తిన్నదీ ఉలితో చెక్కినట్టే లెక్క. చిల్లు పడిన చోట సిరా అంటదు కనుక కాగితం మీద గుండ్రటి తెల్ల చుక్క పడుతుంది. అమెరికా జీవశాస్త్రవేత్త బ్లెయిర్ హెడ్జెస్ పాత యూరప్ ముద్రల్లోని ఇలాంటి చుక్కలను కొలిచాడు. ఉత్తరాది ముద్రల్లో అవి దాదాపు 1.4 మిల్లీమీటర్లు, దక్షిణాదివాటిలో దాదాపు 2.3. రెండు వేర్వేరు జాతుల పురుగులు చెక్కలోంచి బయటికి వచ్చిన దారులవి. ఇప్పుడు ఆ జాతులు కలగలిసిపోయాయి గానీ, అప్పట్లో దేని సరిహద్దులో అది ఉండేది. ఏ ఊళ్లో అచ్చయిందో తెలియని పాత పుస్తకం చేతికొస్తే, బొమ్మలోని చిల్లు కొలిచి ఉత్తరాదిదో దక్షిణాదిదో ఊహించవచ్చు.