బంతి తగులక మునుపే ముగియు పని

2012వ సంవత్సరము మే నెలలో, అమెరికాలోని సిన్సినాటి నగరమున జరిగిన బేస్‌బాల్ పోటీలో, టాడ్ ఫ్రేజియర్ అను ఆటగాడు ముందునకు వంగి బ్యాటు విసరగా, అది బంతిని తాకు వేళకే ఆతని రెండు చేతులనుండియు జారిపోయెను; అయినను బంతి కంచె దాటి ప్రేక్షకుల నడుమ పడి హోమ్‌రన్ అయ్యెను. నాటి ఛాయాచిత్రమున బ్యాటు గాలిలోను, చేతులు రిక్తముగాను కనబడుచున్నవి.

ఇందులో ఇంద్రజాల మేమియు లేదు. బంతియు బ్యాటును కలిసియుండు కాలము సెకనులో ఇంచుమించు వేయవ వంతు మాత్రమే. ఆ తాకిడి వలని కంపనము పిడి వరకు పోయి, చేతుల పట్టును తెలిసికొని, మరల బంతిని చేరులోపలనే బంతి వెడలిపోవును. కావున ఆ క్షణమున పిడిని ఎంత బిగించినను బంతికి కలుగు అదనపు బలము లేదు. చేతులు చేయవలసిన పని యంతయు అంతకు ముందే, అత్యల్ప కాలములో, ముగియవలెను.

ఆ కాల మెంత యల్పమో చూడుడు. బంతి విసరు పిచ్చరు నిలుచు పలకకును, బ్యాటు పట్టినవాని చెంతనుండు హోమ్‌ప్లేటుకును నడుమ దూరము 60 అడుగుల 6 అంగుళములు. 1893 నుండి ఇదియే కొలత. గంటకు 90 మైళ్ల వేగమున విసరిన బంతి సుమారు 0.4 సెకనులో చేరును. బ్యాటు త్రిప్పుటకే దాదాపు 0.15 సెకను పట్టును. తక్కిన కాలములోనే బంతిని చూచుట, పోల్చుకొనుట, కొట్టుటయో మానుటయో నిశ్చయించుట జరుగవలెను.

బలము పుట్టునది చేతులలో కాదు. బండివాడు చర్నాకోల ఝళిపించునపుడు ఆతని భుజము కదలునది కొంచెమే. ఆ కదలిక ముంజేతికిని, కర్రకును, త్రాటికిని ప్రాకుచు కొనకు వచ్చుసరికి ఛెళ్లుమను ధ్వనిగా మారును. బేస్‌బాల్ దెబ్బయు నటువంటిదే: పాదములు నేలను త్రొక్కగా తుంటి తిరుగును, తుంటి వెంట మొండెమును, మొండెము వెంట భుజములును, కడపట చేతులును బ్యాటును తిరుగును. తుంటి కదలుచుండగా చేతులు వెనుక భుజము చెంతనే నిలిచియుండుట, నాకు తోచినంతలో, ఈ క్రీడలోని అత్యంత సుందరమైన ఘట్టము.

పిడిని అరచేతి లోతున గాక వ్రేళ్లలో పట్టుదురు. తలుపు తట్టునపుడు తాకెడు కణుపులు రెండు చేతులవియు దాదాపు ఒకే వరుసకు వచ్చును. ఇచట క్రికెట్టెరిగిన మన పాఠకునకు చిన్న తికమక కలుగవచ్చును. కుడిచేతి వాటపు ఆటగాని యెడమచేయి క్రికెట్టులో పైచేయి, బేస్‌బాల్‌లో క్రిందిచేయి. పట్టు మారలేదు, ఒక బ్యాటు నేలవైపు వ్రేలుచుండగా రెండవది ఆకాశమువైపు నిలిచియుండుటచే పేరు మాత్రము మారినది.

కుడిచేతి వాటపు ఆటగాడు కదలనారంభింపగనే, ఆతని కుడి మోచేయి దిగి ప్రక్కటెముకల చెంతకు వచ్చును. పిడి గుబ్బ ముందు పోవుచుండగా బ్యాటు కొన వెనుకబడి అనుసరించును. ఆతురత కలవాడు ఇచటనే చెడును. చేతులను తొందరగా చాచినచో, బరువు ఇరుసునకు దూరమై, తిరుగుడు మందగించి, బ్యాటు పెద్ద చుట్టు తిరిగి వచ్చులోపల బంతి దాటిపోవును. చక్కని దెబ్బలో బంతి తగులునపుడు కుడి మోచేయి ఇంకను కొంత ముడిచియే యుండును. కుడి అరచేయి ఆకాశమును, ఎడమ అరచేయి నేలను చూచుచుండును. చేతులు పూర్తిగా సాగుటయు, మణికట్లు పొరలుటయు ఆ పిమ్మటి సంగతులు. 1941లో బ్యాటింగులో .406 సగటు సాధించిన టెడ్ విలియమ్స్ అను ఆటగాడు, మణికట్ల ఈ తీరును చెట్టుపై గొడ్డలి వేటుతో పోల్చెను. కట్టెలు కొట్టినవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. గొడ్డలి దిగక మునుపే మణికట్టు త్రిప్పినవాని వేటు మ్రాను తొలువదు.

ఈ పనిలో క్రిందిచేయి ఒక్కొక్కప్పుడు మూల్యము చెల్లించును. చిటికెనవ్రేలి వైపున, అరచేతి మొదట, కొక్కెము వంటి కొన గల చిన్న యెముక యొకటి కలదు. పిడి గుబ్బ పదేపదే దానిపై ఒత్తుటచే ఆ కొక్కెము విరుగుట ఈ ఆటగాండ్రలో వైద్యులెరిగిన గాయమే. తరచుగా శస్త్రచికిత్స చేసి ఆ తునకను తొలగింతురు.

అలబామా రాష్ట్రపు మొబీల్ పట్టణమున పుట్టిన హాంక్ ఆరన్, బాల్యమున సీసా మూతలను కర్రతో కొట్టుచు ఆట నేర్చి, కుడిచేతి వాటమువాడయ్యు ఎడమచేతిని పైనుంచి తారుమారుగా పట్టెడివాడు. వృత్తిక్రీడలో అడుగిడిన తొలినాళ్లలో ఆ పట్టును సరిచేసికొనెను. అందరును కొనియాడినది ఆతని మణికట్ల వేగమును. అవి చురుకైనవగుటచే ఆతడు బంతిని మరికొంత దగ్గరకు రానిచ్చి, మరికొంత చూచి, అప్పుడు బ్యాటు కదల్పగలిగెను. 1974 ఏప్రిల్ 8న 715వ హోమ్‌రన్ కొట్టి బేబ్ రూత్ అను పూర్వపు ఆటగాని హోమ్‌రన్‌ల సంఖ్యను దాటినవియు, ఆట విరమించునాటికి 755 పూర్తిచేసినవియు, ఒకనాడు తారుమారుగా పిడి పట్టిన ఆ చేతులే.