తేనీరు – మంచినీరు

ఇంటికి వచ్చిన అతిథికి మనం మొదట అందించేది మంచినీరు, పిమ్మట తేనీరు. తేనీటి రుచి అంతా తేయాకులోనే ఉన్నదని చాలామంది తలుస్తారు. కాని ఆ రుచిలో నీటి పాలు తక్కువ కాదు.

కర్నూలు, కడప సీమలో సున్నపురాతి పొరలు విస్తారం. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల నాపరాళ్లు ఆ జాతివే. ఇటువంటి పొరల గుండా ఊరే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరుగుతాయి. దీనినే కఠినజలం అంటారు. ఈ నీటితో కాచిన తేనీటిపై పలుచని తెట్టె కడుతుంది; రంగు మసకబారుతుంది; పరిమళం తగ్గుతుంది.

దీనికి కొంతవరకు ఉపాయమున్నది. ముందుగా నీటిని కొంతసేపు మరిగించాలి. కాల్షియం బైకార్బనేట్ కార్బనేట్‌గా మారి, గిన్నె అడుగున తెల్లని గారగా పేరుకొంటుంది. తేరిన నీటిని వేరొక గిన్నెలోనికి వంచి, మరల మరిగించి, కప్పుకు 2 గ్రాముల చొప్పున తేయాకు వేయాలి. వెంటనే పొయ్యి ఆర్పి, మూతపెట్టి, 4 నిమిషాలు ఉంచాలి. ఆకును అదేపనిగా మరిగిస్తే వగరు పుడుతుంది. తరువాత వడగట్టి, కాచిన పాలు, చక్కెర కలపాలి.

అయితే ఒక్క విషయం మరువరాదు. మరిగించినందువల్ల నీటిలోని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. తేయాకులోనూ సహజంగా ఫ్లోరైడు ఉంటుంది. అది మితిమీరితే పండ్లు గారపడతాయి, ఎముకలు దెబ్బతింటాయి. కనుక ఫ్లోరైడు పీడిత గ్రామాలలో శుద్ధిచేసిన నీటినే వాడాలి. తేనీటిని మితంగా సేవించాలి.

మంచి తేనీటికి మూలం మంచినీరే. ఆ నీటిని కాపాడుకోవడం సీమవాసులందరి కర్తవ్యం.