అడ్డు కట్టవలసింది గాలికి కాదు, ఆకాశానికి

జంషెడ్‌పూర్ పెరళ్ళలో జనవరి పూల నెల. చామంతుల వరస ముగిసేసరికి డేలియాలు, పెటూనియాలు, గులాబీలు అందుకుంటాయి. ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది, తోటపనికి బద్ధకం రాదు. ఆ సంబరంలో పడి పెరటి మూలనున్న కరివేపాకు పసుపెక్కి ఆకు రాల్చడం, కనకాంబరం కొసలు నల్లబడటం, తమలపాకు తీగ తల వాల్చడం, కోటలో తులసి మోడుబారడం ఆలస్యంగా గాని గమనించం. గమనించాక మాత్రం ఇంటింటా ఒకటే మాట: చలిగాలి కొట్టింది. వెంటనే ఉత్తరం వైపు ఒక గోనెపట్టా నిలువుగా కట్టేస్తారు. వారం తిరిగేసరికి మొక్క ఇంకాస్త దిగజారుతుంది. నేరం గాలి మీద మోపడంలోనే పొరపాటంతా ఉంది. ఇలాంటి మోస్తరు చలి ఊళ్ళో లేత మొక్కను ఎక్కువగా దెబ్బతీసేది గాలి వీచే రాత్రి కాదు. గాలి పూర్తిగా ఆగిపోయి, ఆకాశం మబ్బు తునక లేకుండా నక్షత్రాలతో మెరిసే రాత్రి. ఆ రాత్రి మొక్కకు పక్కన తడిక కట్టి లాభం లేదు, నెత్తిన కప్పు కావాలి.

దీనికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న, అసలు జంషెడ్‌పూర్‌లో అంత చలి ఉందా అని. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సముద్రమట్టానికి సుమారు 140 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు ఇది. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 11, 12 డిగ్రీల దగ్గర ఉంటుంది. చలి ముదిరిన రోజుల్లో 7, 8కి దిగుతుంది. గడ్డి మీద తెల్లగా పేరుకునే మంచు, అంటే ఇక్కడివాళ్ళు పాలా అనేది, చూడాలంటే పైన పీఠభూమికి, రాంచీ పక్కన కాంకేకో మెక్‌లస్కీగంజ్‌కో వెళ్ళాలి. కాబట్టి మనకు భయం లేదనుకోవడం సహజమే. కాని ఆ 7, 8 డిగ్రీలు ఎక్కడ కొలిచినవి? వాతావరణ కేంద్రంలో, తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల పైన. గాలి ఆగిన తేట రాత్రి గడ్డి ఎత్తులో కొలిస్తే అంతకంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే. కనకాంబరం ఉండేది ఆ ఎత్తులోనే. పేపర్లో 7 అని చదివిన రోజు ఆ మొక్క ఆకు మూడు డిగ్రీల చలిని చవిచూసి ఉండవచ్చు.

రెండోది, వేడిదేశపు మొక్క చావడానికి నీరు గడ్డకట్టవలసిన పని లేదు. 10, 12 డిగ్రీల కిందికి దిగితేనే చాలా ఉష్ణమండలపు మొక్కల కణాల చుట్టూ ఉండే పలచని కొవ్వుపొర బిగుసుకుపోతుంది. లోపలి నీరు, లవణాలు కారిపోవడం మొదలవుతుంది. అరటి 13, 14 డిగ్రీల దగ్గరే ఎదుగుదల ఆపేస్తుంది. చల్లబడిన మట్టిలో వేళ్ళు నీటిని అందుకోలేవు. తెల్లారగానే తూర్పు ఎండ నేరుగా ఆకు మీద పడి నీరు అడుగుతుంది. అందుకే చాలాసార్లు గాయం రాత్రి తగిలినా ఆకు మాడటం పొద్దెక్కాక కనిపిస్తుంది. కనకాంబరం ఆకును ఉదయాన్నే దగ్గరగా చూస్తే, ఉడికించిన పాలకూరలా నీరుపట్టి, ముదురాకుపచ్చ మచ్చలు కనిపిస్తాయి. మధ్యాహ్నానికి ఆ మచ్చలే గోధుమరంగుకు తిరిగి కరకరలాడతాయి. ఎండ కాల్చిందనో, తెగులు వచ్చిందనో పొరబడి మందు కొట్టేవాళ్ళు ఉన్నారు.

ఇక గాలి సంగతి. పగలంతా నేల ఎండను తాగి దాచుకుంటుంది. రాత్రి ఆ వేడిని కంటికి కనిపించని కిరణాలుగా పైకి వదిలేస్తుంది. మబ్బు ఉంటే అందులో చాలా భాగాన్ని తిరిగి కిందికి పంపుతుంది. మబ్బు లేకపోతే, గాలిలో తేమ కూడా తక్కువైతే, వేడి తిన్నగా ఆకాశంలోకి పోతుంది. నేల, ఆకు, వాటికి ఆనుకున్న గాలి వరసగా చల్లబడతాయి. విచిత్రమేమిటంటే అదే సమయంలో ముప్పై నలభై అడుగుల ఎత్తున గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. గాలి వీస్తే ఆ వెచ్చదనం కలిసి కిందికి దిగుతుంది. ఆగితే పైదే పైన, కిందదే కింద. కాలిఫోర్నియా నారింజ తోటల్లో ఎత్తైన స్తంభాల మీద విమానపు రెక్కల్లాంటి పెద్ద ఫ్యాన్లు నిలబెట్టి, చలి రాత్రుల్లో డబ్బు ఖర్చు పెట్టి మరీ తిప్పేది అందుకే. గాలి మొక్కలకు శత్రువే అయితే ఆ రైతులు దాన్ని కొని తెచ్చుకోరు. వీచే గాలికి మన ఒళ్ళు వణుకుతుంది, ఎందుకంటే మన ఒంట్లో వేడి పుడుతుంది, గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. ఆకుకు అలా సొంత వేడి లేదు. మన చర్మానికి తెలిసినదాన్ని మొక్కకు అంటగట్టడం వల్లనే నింద గాలి మీద పడింది. పొడిగా వీచే వాయవ్యపు గాలి ఆకుల్లో తేమ లాగేస్తుందన్నది నిజం, దానికి తడిక కొంత సాయం చేస్తుంది కూడా. కాని ఒక్క రాత్రిలో మొక్కను నల్లగా మార్చేది ఆ గాలి కాదు.

ఈ వాదనకు మన తూర్పు దేశంలోనే ఒక గట్టి సాక్ష్యం ఉంది. 1833లో అమెరికా నుంచి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకు చేరకముందు, హుగ్లీ దగ్గర, అలహాబాదులో మంచును ఇక్కడి మనుషులే తయారుచేసేవారు. సర్ రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ పద్ధతిని వివరించాడు. విశాలమైన బయలులో రెండడుగుల లోతు గుంతలు తవ్వి, అడుగున ఎండిన చెరకు, మొక్కజొన్న కాడలు మందంగా పరిచి, వాటి మీద పలచని మట్టిమూకుళ్ళు వరసగా పెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసేవారు. సహజంగా మంచు గడ్డకట్టడం ఎవరూ చూడని ఆ మైదానాల్లో తెల్లవారేసరికి మూకుళ్ళలో మంచు తేలేది, పొద్దు పొడవకముందే ఏరుకునేవారు. గాలి వీచినా మబ్బు పట్టినా మంచు కట్టేది కాదు. ఆకాశానికి నేరుగా మొహం పెట్టిన వస్తువు చుట్టూ ఉన్న గాలి కంటే ఎంత చల్లబడగలదో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ మూకుళ్ళ సంగతిని తర్వాత లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ తన పరిశోధనలో కలుపుకున్నాడు. మంచుబిందువుల గురించి 1814లో ఆయన రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ విషయానికి పునాది. తోటమాలులు లేత మొక్కల మీద పలచని చాపలు కప్పడం చూసి అంతకుముందు ఆయన నవ్వుకునేవాడు: చుట్టూ గాలి అంత చల్లగా ఉండగా ఇంత పలచని కప్పు ఏం ఆపుతుందని. తర్వాత గడ్డిలో నాలుగు పుల్లలు పాతి, అరడుగు ఎత్తున ఒక సన్నని చేతిరుమాలు పరిచి కొలిచాడు. రుమాలు కింది గడ్డి పక్కనున్న గడ్డి కంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంది. పక్కలన్నీ తెరిచే ఉన్నాయి, గాలికి అడ్డేమీ లేదు. రుమాలు అడ్డుకున్నది ఒక్క ఆకాశాన్నే. తన పాత నవ్వును ఆయన ఆ వ్యాసంలోనే వెనక్కి తీసుకున్నాడు. ఆ సంగతి చదివినప్పుడల్లా, కార్తీకం దాటాక తులసమ్మకు ఎర్ర చున్నీ కప్పే ఇక్కడి ఇల్లాళ్ళు గుర్తుకొస్తారు. భక్తితో చేసినా ఆ పని శాస్త్రానికి సరిగ్గా అతుకుతుంది.

సూత్రం అర్థమైతే ఎలా కప్పాలన్నది సులువే. మొక్క చుట్టూ నాలుగు వెదురు కర్రలు పాతి, ఆకులకు తగలకుండా కాస్త ఎత్తుగా, సాయంత్రం పొద్దు వాలకముందే పాత నూలు చీరో దుప్పటో పరవాలి. అంచులు నేల దాకా దిగాలి. ఎందుకంటే రాత్రంతా వేడినిచ్చే పొయ్యి కింది మట్టే. దాని వెచ్చదనాన్ని గుడారంలోకి రానివ్వాలి. కొమ్మలన్నీ పోగుచేసి కాండానికి గుడ్డ బిగించి కడితే నేల వేడి బయటే ఉండిపోతుంది. పొద్దున ఎండ రాగానే తీసేయాలి, లేకపోతే ఆ రోజు మట్టి ఎండను దాచుకోలేదు. చాలామంది చేతికందే పాలిథిన్ పట్టా కప్పుతారు. వానకు మంచిదేగాని మామూలు పాలిథిన్ ఈ వేడి కిరణాలను చాలావరకు దాటిపోనిస్తుంది, పైగా తాకిన చోట ఆకును మాడుస్తుంది. కుండీలైతే ఇంకా తేలిక: డాబా నడిమధ్య నుంచి తెచ్చి చూరు కిందనో, మామిడి చెట్టు కిందనో గుంపుగా పెడితే చాలు. చెట్టు కొమ్మలు కూడా ఒక పైకప్పే. చింతపల్లి, లంబసింగి వైపు కాఫీని సిల్వర్ ఓక్ చెట్ల కింద పెంచేది ముఖ్యంగా నీడ కోసమే అయినా, మన్యం చలి రాత్రుల్లో ఆ కొమ్మలు చేసే మేలు తక్కువది కాదు.

ఇక్కడే మంచివాళ్ళు కూడా చేసే తప్పు ఒకటుంది. చలికి రక్షణ అని మొక్కల మొదళ్ళ చుట్టూ మందంగా గడ్డి పరుస్తారు. వేళ్ళకు అది మేలే. కాని నేల మీద పరిచిన గడ్డి కింది వేడిని పైకి రానివ్వదు. దాని పైనున్న ఆకులు ఇంకా చల్లబడతాయి. హుగ్లీ మంచు పనివాళ్ళు గుంతలో చెరకు, మొక్కజొన్న కాడలు పరిచింది సరిగ్గా ఇందుకే, నేల వేడి మూకుడికి తగలకూడదని. వాళ్ళకు కావలసింది మంచు, మనకు కావలసింది మొక్క. పొట్టి మొక్కల దగ్గర, ఆ తేట రాత్రులకు, గడ్డిని పక్కకు నెట్టి మట్టిని తెరిచి ఉంచడమే మంచిది. పొడి మట్టి కంటే తడి మట్టి ఎక్కువ వేడిని దాచి, లోపలి నుంచి పైకి చేరుస్తుంది గనక ఆ రోజు ఉదయం పదింటి లోపు కొద్దిగా నీళ్ళు పెట్టాలి. రోజూ మాత్రం వద్దు. చలికి మందగించిన వేళ్ళు నీళ్ళలో నానితే కుళ్ళుతాయి. జనవరిలో కరివేపాకు కుండీలు చచ్చేది సగం చలివల్లయితే సగం ఆ అతిప్రేమ వల్ల.

పొగ పెడితే చాలదా అని పెద్దలు అడుగుతారు. పొలం గట్టున చెత్త తగలబెట్టడం పాత అలవాటే, గౌరవించదగ్గదే. కాని పొగ రేణువులు ఈ వేడి కిరణాలను ఆపలేనంత చిన్నవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2005లో మంచు రక్షణపై వెలువరించిన గ్రంథం కూడా పొగ వల్ల ప్రయోజనం లేదనే చెబుతుంది. నిప్పు ఇచ్చే కొద్దిపాటి సెగ వేరే మాట. అసలే పొగ పట్టి ఉండే ఈ పారిశ్రామిక నగరంలో, గాలి ఆగిన రాత్రి నేలమట్టానికి ఇంకో పొర పొగ చేర్చడం ఇంట్లో ముసలివాళ్ళకు, పిల్లలకు హాని. భోగి నెగడు పండగకే ఉంచుకుందాం.

ఇంత శ్రమ పడి ఈ నేలకు చెందని మొక్కలను పెంచడమెందుకు, చలిని ఓర్చేవే పెంచుకోవచ్చు కదా అనేది బలమైన అభ్యంతరం. పెద్ద తోటలకు, రోడ్డు పక్క మొక్కలకు ఆ మాట పూర్తిగా సబబు. కాని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ళ పెరట్లో కరివేపాకు, కనకాంబరం అలంకారం కోసం పెంచేవి కావు. అవి పోపులోకి, జడలోకి. కళింగపట్నం తీరంలో సముద్రం పక్కన ఉండబట్టి జనవరి రాత్రులు కూడా మామూలుగా 15 డిగ్రీల పైనే ఉంటాయి. అక్కడ ఎవరూ మొక్కకు రాత్రి కాపలా గురించి ఆలోచించనక్కర్లేదు, అందుకే ఆ విద్య మనకు వారసత్వంగా రాలేదు. పైగా శ్రమ అనుకున్నంత లేదు. చలికాలమంతా కప్పనక్కర్లేదు. పశ్చిమం నుంచి వచ్చిన వానమబ్బు వెళ్ళిపోయి ఆకాశం కడిగినట్టు తేటపడ్డ మొదటి కొన్ని రాత్రులు, సాయంత్రానికే గాలి నిలిచిపోయి నక్షత్రాలు స్పష్టంగా కనిపించే రాత్రులు, అవి చూసుకుంటే చాలు. వాతావరణ శాఖ రైతుల కోసం జిల్లాలవారీగా మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే సలహాలు పెరటి మొక్కలకూ పనికొస్తాయి, చూసేవాళ్ళే తక్కువ.

చలికాలాలు ఎలాగూ వేడెక్కుతున్నాయి కదా అంటే, అది ఊరట కాదు. డిసెంబరు వెచ్చగా గడిస్తే మొక్క మోసపోయి లేత చిగురు వేస్తుంది, జనవరిలో ఒక్కసారి పడే చలి ఆ చిగురునే పట్టుకుంటుంది. అందుకే నవంబరు తర్వాత యూరియా లాంటి నత్రజని ఎరువు వేయకపోవడం, కొమ్మలు కత్తిరించకపోవడం కప్పు కప్పడమంత ముఖ్యం. అప్పటికే దెబ్బతిన్న మొక్కనైతే అలాగే వదలాలి. మాడిన ఆకులే కింది కొమ్మలకు తర్వాతి రాత్రుల్లో కప్పుగా ఉంటాయి. ఫిబ్రవరి సగం దాటి రాత్రులు వెచ్చబడ్డాక, పైనుంచి మొదలుపెట్టి గోటితో బెరడు కొద్దిగా గీరుతూ కిందికి రావాలి. లోపల ఆకుపచ్చ కనిపించిన చోటికి కాస్త పైన కత్తిరించాలి. కరివేపాకు పైనంతా ఎండినా మొదట్లోంచి కొత్త పిలకలు వేయడం తరచుగా జరిగేదే; మార్చి నెలాఖరు దాకా చూడకుండా దాన్ని పీకేయకూడదు.