కీచురాయిని ఇంట్లో పెంచడం

రాత్రి లైట్లు ఆర్పాక మన కిటికీ అవతల కిర్‌ కిర్‌మని అరిచేది కీచురాయి. ఇలకోడి అని కూడా అంటారు. పేరులో రాయి ఉంది గాని అది పురుగే.

పోయిన వేసవి సెలవుల్లో నేను వీటిని పెంచాను. మా తమ్ముడికి రాత్రిళ్ళు భయం, నా పక్కనైతేనే పడుకుంటాడు. నేను బడికొచ్చేస్తే వాడికి తోడు ఉండాలని. "మేకల్ని పెంచుతారు గాని పురుగుల్ని పెంచుతారా" అని తాత నవ్వాడు.

మొదట నాలుగింటిని సీసాలో వేసి మూత బిగించాను. తెల్లారేసరికి గాలి లేక రెండు చచ్చిపోయాయి. మూకుట్లో నీళ్ళు పెడితే ఒకటి మునిగిపోయింది. మిగిలింది ఎన్ని రోజులైనా అరవలేదు. "అప్పా, ఇది మూగది" అన్నాడు తమ్ముడు. అది ఆడది!

అరిచేది మగది ఒక్కటే. అదీ నోటితో కాదు. ముందు రెక్క అడుగున రంపంలాగ గరుకు ఉంటుంది, దాన్ని రెండో రెక్కతో రాస్తే చప్పుడొస్తుంది. అలా ఆడదాన్ని పిలుస్తుంది. చెవులేమో ముందుకాళ్ళ మీద, మోకాలి కింద ఉంటాయి. తోక దగ్గర రెండు ముళ్ళు రెండింటికీ ఉంటాయి. ఆడదానికైతే మధ్యలో సూదిలాంటిది ఇంకోటి. దాన్ని తడిమట్టిలో గుచ్చి గుడ్లు పెడుతుంది.

అందుకని ఈసారి ఒక మగదాన్ని, రెండు ఆడవాటిని పట్టాను. రెండు మగవి ఒకచోట ఉంటే కొట్టుకుంటాయి. పాత కుండలో నాలుగు వేళ్ళ ఎత్తు ఇసుకమట్టి పోసి, దాక్కోవడానికి పెంకుముక్కలు వేశాను. గుడ్డ కడితే కొరికేస్తాయి, కాబట్టి పాత జల్లెడ బోర్లించాను. తిండికి ఆనపకాయ తొక్కలు, చిటికెడు చోడిపిండి. మందు కొట్టిన ఆకు వేయొద్దు. మిగిలింది రోజూ తీసేయాలి, లేదంటే బూజు పడుతుంది. నీళ్ళకి తడిపిన దూది చాలు. ఆకలేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, చర్మం విడిచి మెత్తగా ఉన్నదాన్ని ముందు. చీమలు రాకుండా నీళ్ళ పళ్ళెంలో రాయి పెట్టి దాని మీద కుండ ఉంచాలి. ఎండాకాలం అరుపు జోరుగా ఉంటుంది, చలికి తగ్గిపోతుంది.

పెద్దయ్యాక సుమారు రెండు నెలలే బతుకుతాయి. ఈ సంగతి నేను తమ్ముడికి చెప్పలేదు.

ఆగస్టులో ఇంటికెళ్తే కుండ చప్పుడు లేదు. మగది చచ్చిపోయిందట. వాడు ఏడవలేదు, జల్లెడ ఎత్తి చూపించాడు. మట్టి మీద చీమలంత పిల్లలు, లెక్కపెట్టబోతే ఎగురుతున్నాయి. రెక్కలొచ్చి అవి అరవాలంటే సుమారు రెండు నెలలు పడుతుంది. అంతవరకు అమ్మ పక్కన పడుకుంటానన్నాడు.

– 9వ తరగతి విద్యార్థిని